హాలియా నుంచి నడిచిన మంద

చిరంజీవి మల్లికకు,

నీ అవ్వ గోపమ్మ నీ నెత్తిన చెయ్యి పెట్టి దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అందరం బాగానే ఉన్నామని ముందు రాయాలి కాబట్టి రాస్తున్నాను. ఉన్నాం. మీ అమ్మ నాగరాణికి నడుము నొప్పి తగ్గింది, ఉపాధి పనికి పోతున్నది. నా మోకాళ్లు ఎప్పటిలాగే ఉన్నాయి. మీ నాయిన సంగతి కింద రాస్తాను. నువ్వు అక్కడ బాగున్నావనే అనుకుంటున్నాను. అట్లా అనుకోకపోతే నాకు పొద్దు గడవదు.

నీ ఉత్తరం చేరి పన్నెండు రోజులైంది. ఇన్ని రోజులు జవాబు రాయలేదని కోపం పెట్టుకోకు. ఫోన్లో చెప్పొచ్చు కదా అని మీ అమ్మ అన్నది. నువ్వు చేతిరాతతో కావాలన్నావు, నీ చదువుకు అది సాక్ష్యంగా ఉంటుందన్నావు. నాకూ ఉత్తరమే నయమనిపించింది. ఫోన్లో మాట్లాడితే గోడ అవతలికి వినబడుతుంది. ఇవి నువ్వు ఆరో తరగతిలో ఉన్నప్పుడు పలక మీద నాతో దిద్దించిన అక్షరాలే. ఒత్తులు తప్పితే సరిచేసి చదువుకో.

హాస్టల్లో నీళ్లు కాచుకునే ఆ కరెంటు కడ్డీ సంగతి ఏం చేశావు? స్విచ్చి ఆపిన తర్వాతనే నీళ్లల్లో చెయ్యి పెట్టాలి. ఒకసారి చెప్పానని మరిచిపోకు. సిటీ బస్సు మెట్ల మీద నిలబడి పోవద్దు. నువ్వు పని చేసే ఆ ఫోన్ల ఆఫీసు వాళ్లు పొద్దుపోయాక ఆడపిల్లలను ఇంటి దాకా దించుతారా, లేక మెయిన్ రోడ్డు మీదే దించుతారా? అది నువ్వు రాయలేదు. రాయలేదంటే మెయిన్ రోడ్డు మీదే దించుతున్నారేమో అని నాకు ఒకటే ఫికర్.

ఎండలు మళ్లీ ముదిరాయి. మంద సగానికి సగం అయింది. నా తమ్ముడు భీమయ్య మేపుతున్నాడు. నల్లచెవుల గొర్రె మొన్న రెండు పిల్లలు వేసింది. ఒకటి పాలు తాగడం లేదు. సీసాతో పట్టిస్తున్నాను. బతుకుతుందో లేదో.

నువ్వు నాలుగు ప్రశ్నలు రాశావు. మూడింటికి ఊళ్లో అడిగి తెలుసుకున్నాను. నాలుగోది నన్నే అడిగావు. "అవ్వా, తాత ఎండలో మందను నడిపించుకుంటూ వచ్చిన ఆ వారం, బండి పంపకుండా నాయిన ఏం లెక్క వేసుకున్నాడో నీకు తెలిస్తే రాయి. డీజిల్ ధర మనిషిని ఎక్కడి దాకా దిగజారుస్తుందో చెప్పడానికి ఆ సంగతినే నా పరిశోధనలో మొదట పెడతాను" అని రాశావు.

అది చదివిన కాడి నుంచి నాకు అన్నం దిగడం లేదు తల్లీ. నువ్వు మీ నాయినతో మాట మానేసి ఏడాది కావస్తున్నది. ఆయన పంపిన ఫీజు పైసలు తిప్పి పంపి, ఆ ఫోన్ల ఆఫీసులో పని చేసుకుంటూ చదువుతున్నావు. ఇప్పుడు ఆయన చేసిన పని అచ్చులో కూడా పడితే ఇక మీ ఇద్దరి మధ్య మాట అన్నది ఉండదు. నీ నాలుగో ప్రశ్నకు జవాబు నాకు తెలుసు. రాస్తాను. ముందు ఆ మూడూ రాయనివ్వు.

శనివారం పొద్దున బస్సు ఆగే కాడ పోచయ్య తన డీసీఎం లోడు బండి కడుక్కుంటున్నాడు. పక్కనే దశరథం ట్రాక్టరు టైరుకు పంక్చర్ వేయిస్తున్నాడు. లీలమ్మ కూరగాయల గంపలు ముందు పెట్టుకొని కొల్లాపూర్ ఆటో కోసం కూర్చున్నది. ముగ్గురూ ఒక్కచోట దొరికారు కదా అని నీ కాగితం పట్టుకొని పోయాను. నువ్వు చెప్పమన్నట్టే చెప్పాను. ఇప్పుడు డీజిల్ పోయించుకుంటే పన్ను అందులోనే కలిసి ఉంటుంది. రేపు కరెంటు బండ్లు ఎక్కువైతే ఆ పన్ను పడిపోతుంది. అందుకని బండికి ఒక డబ్బా బిగించి, రోడ్డు మీద ఎన్ని కిలోమీటర్లు తిరిగితే అంత రుసుము తీసుకుంటే ఎట్లా ఉంటుందని చదువుకున్నవాళ్లు ఆలోచిస్తున్నారు. మీకు ఏది న్యాయం అనిపిస్తుంది అని అడిగాను.

పోచయ్య పైపు పక్కన పడేశాడు.

"డబ్బా బిగిస్తరా? నేను ఏడేడ ఆగిన్నో గది గూడ చెప్తదా చిన్నమ్మా? ఇంట్ల ఒకామె అడిగేదానికే జవాబు చెప్పలేక సస్తున్న."

"నీ పెండ్లాం ఇన్నదంటె డబ్బా ఎందుకు, నిన్నే బిగిస్తది బండికి," అన్నది లీలమ్మ.

"నువ్వు ఊకో వదినా. సూడు చిన్నమ్మా, రాసుకో. నేను రాయచూరు దిక్కు పోయిన్నాడే ట్యాంకు నింపుకొస్త. ఆడ డీజిల్ అగ్గువ. గా డబ్బా పెడితె నాకు గదొక్కటి బందైతది. పోనీ తియ్యి. కాని ఉత్త బండికి గూడ గంతే, నిండు బండికి గూడ గంతేనా? పోయేటప్పుడు లోడు ఉంటది, వచ్చేటప్పుడు ఉత్తదే వస్త. ఇప్పుడైతె ఉత్త బండి జర తక్కువ డీజిల్ తాగుతది, పన్ను గూడ తక్కువ పడ్తది. గది న్యాయం."

దశరథం కూర్చున్న చోటి నుంచి లేచాడు.

"నాకైతె కిలోమీటర్ లెక్కే మంచిగున్నది. నా ట్రాక్టరు తిరిగేది మడిల. రోడ్డెక్కేది ఎన్నడో ఒకనాడు. మడిల కాలిన డీజిల్‌కు రోడ్డు పన్ను నేనెందుకు కట్టాలె?"

"అబ్బో! పోయిన వానకాలం ఇనుప చక్రాలు ఇప్పకుంట తారు రోడ్డు మీదికెళ్లి పోయింది ఎవరయ్యా? మడి ఏదో రోడ్డు ఏదో ఎరుక లేకుంట దున్నిపారేసినవ్. నీకు డబ్బా కాదు, నాట్లు ఏసి శిస్తు కట్టించాలె," అన్నాడు పోచయ్య.

పంక్చర్ వేసేవాడు కూడా నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వి చానాళ్లైంది. నవ్వినందుకు వెంటనే దిగులేసింది.

రెండో ప్రశ్న బండి లేనివాళ్ల గురించి కదా. లీలమ్మను అడిగితే, "నాకు బండి లేదు, మోటరు లేదు, నన్ను అడగకు అక్కా" అని మొహం తిప్పుకున్నది. మళ్లీ తానే పిలిచింది.

"ఆగు, నాది గూడ రాయి. డీజిల్ పెరిగిందన్న నాడు ఆటో ఆయన మనిషికి పది పెంచిండు, గంపకు పది పెంచిండు. తగ్గిందన్న నాడు తగ్గిచ్చిండా? అడిగితె దిగమన్నడు. పన్ను పైకెళ్లి ఎయ్యిన్రి, కిందికెళ్లి ఎయ్యిన్రి, వచ్చి పడేది నా గంపల మీదనే. గందుకే వారంల రెండు దినాలు పోవుడు బంద్ పెట్టిన. పోయిన దినం సంగతి మీ డబ్బా రాస్తది. నేను పైసలకు జడిసి ఇంట్ల కూసున్న దినం ఏమని రాస్తది?"

నీ కాగితంలో దీనికి జాగా లేదు, అందుకని ఇక్కడ రాశాను. ఆ మాట నాకు గుచ్చుకున్నది. ఎందుకు గుచ్చుకున్నదో నీకు చివర్న తెలుస్తుంది.

మూడో ప్రశ్న, ఆ పైసలు నిజంగా రోడ్లకే ఖర్చు పెడతామంటే ఇంకా కొంచెం ఎక్కువ కడతారా అని. "రోడ్డుకే పెడ్తమని ఎవరు రాసిస్తరు?" అన్నాడు దశరథం. పోచయ్య మాత్రం, "మంచి రోడ్డుంటె కడ్త. గుంతల పడి బండి పట్టీలు ఇరిగితె అయ్యే ఖర్చు కంటె పన్నే అగ్గువ" అన్నాడు. ఇద్దరిలో ఎవరిది సరైనదో నాకు తెలియదు. నువ్వే తేల్చుకో.

నాకు మాత్రం మా మామ చెప్పిన పుల్లరి గుర్తొచ్చింది. అడవిలో మేపినందుకు గొర్రెకు ఇంత అని కట్టించుకునేవారట. ఎంత మేసిందన్నది అడగరు. తల లెక్కపెట్టి తీసుకుంటారు. లెక్కించేవాడు వచ్చిన రోజు మా అత్త చిన్న పిల్లలను గంపల కింద కమ్మి, ఆ గంపల పక్కనే కూర్చొని బియ్యం చెరిగేదట. గంప కింద పిల్ల అరిస్తే మా అత్త దగ్గేదట. అది అరిచినప్పుడల్లా దగ్గీ దగ్గీ చివరికి లెక్కించేవాడే, "గీమెకు మందు తాపియ్యున్రి" అని చెప్పి పోయాడట. మీ తాత ఈ సంగతి దగ్గి చూపించి మరీ చెప్పేవాడు. నువ్వు కూడా విన్నావు.

పన్ను అంటే మనవాళ్లకు మొదట దాచడమే తోస్తుంది. నాకూ అదే తోచింది. ఇక నీ నాలుగో ప్రశ్నకు వస్తున్నాను. ఇక్కడి నుంచి ఒక్కదానివే కూర్చొని చదువు.

నిరుడు వరి కోతలైనాక మీ తాతా నేనూ మందను హాలియా దిక్కు తీసుకుపోయాం. సాగర్ కాలువ కింద కోసిన పొలాల్లో మంద పెడితే వాళ్ల పొలానికి ఎరువు, మన గొర్రెలకు మేత, నీళ్లు. పోయేటప్పుడు మీ నాయినే తన బండిలో దింపాడు. వానలు పడక ముందు మళ్లీ వచ్చి ఎక్కించుకుపోతానని చెప్పి పోయాడు. బండి కొన్నప్పటి నుంచి ప్రతి ఏడూ అంతే జరిగింది.

రోహిణి కార్తె మొదలైంది. ఒకనాడు మీ అమ్మ ఫోన్లో మంచీ చెడ్డా మాట్లాడుతూ, "అత్తా, ఈయన బువ్వ కాడికెళ్లి లేచిపోతాండు. డీజిల్‌కు, టోల్ గేట్లకు పోను బండి కిస్తుకే సాలుత లేదట" అన్నది. పాపం ఆమె ఏమీ అడగలేదు. బండి పంపలేమని గానీ, పంపమని అడగొద్దని గానీ అనలేదు. మనసులోది చెప్పుకున్నది, అంతే.

నా సంగతి నీకు తెలుసు కదా. ఒక మాట చెవిలో పడితే దాని వెనక పది మాటలు నేనే పుట్టించుకుంటాను. కొల్లాపూర్ నుంచి హాలియా దాకా బండి ఖాళీగా రావాలి. సొంత తండ్రి మంద కాబట్టి మళ్లీ పోయేటప్పుడు కిరాయి అడగలేడు. రెండు దిక్కులా డీజిల్, రెండు దిక్కులా గేట్లు. కిస్తు తప్పి బండిని గుంజుకుపోయినట్టు, మీ నాయిన ఎక్కడో రోడ్డు పక్కన తల పట్టుకొని కూర్చున్నట్టు కళ్ల ముందు ఆడింది. మూడు రోజులు అదే. మీ తాతకు ఒక్క ముక్క చెప్పలేదు. చెప్తే, "వాడు పెద్దోడైండు, వాడే సూసుకుంటడు" అంటాడని నాకు తెలుసు.

నాలుగో రోజు మీ నాయిన ఫోన్ చేశాడు.

"అమ్మా, మంగళారం వస్త. మందను రోడ్డు కాడికి తోలుకొచ్చి పెట్టున్రి."

"నువ్వు రాకు కొడుకా," అన్నాను. "పోచయ్య బండి గీ దిక్కు లోడు దించి ఉత్తదే వస్తాందట. మమ్ముల ఎక్కించుకుంటనన్నడు."

"నిజంగనా? కిరాయి ఎంతన్నడు?"

"మనోడే గద. డీజిల్ పైసల మందం ఇస్తె సాలన్నడు."

మీ నాయిన "సరే అమ్మా" అని ఊపిరి వదిలాడు. ఆ ఊపిరి నాకు ఫోన్లో వినబడింది. నా కొడుకు నెత్తి మీది మూట దించానని సంబరపడ్డాను మల్లికా. పోచయ్యకు నేను ఫోన్ చేయనే లేదు. అతని బండి ఎక్కడున్నదో కూడా నాకు తెలియదు.

మీ తాతకు ఇంకో అబద్ధం చెప్పాను. కొడుకు బండి షెడ్డులో ఉన్నదనీ, ఇంజన్ విప్పారనీ, పది రోజులు పడుతుందనీ చెప్పాను. ఆయన మబ్బు దిక్కు చూశాడు.

"పది దినాలల్ల వానలు వస్తయ్. గీడ మంద బురదల పడితె కాళ్ల రోగం పట్టుకుంటది. పోదాం తియ్యవే. గొర్రెలకు కాళ్లు లేవా, నాకు లేవా? మా నాయినతోని గీ బాట ఎన్నిసార్లు నడిచిన."

ఆ మాట ఆయన నోటి నుంచి రావాలనే నేను చూస్తూ కూర్చున్నాను. వచ్చింది. తర్వాత అడిగిన వాళ్లందరికీ "ఆయనే నడుస్తనన్నడు" అని చెప్పాను. ఆయన అన్న మాటే అది, నిజమే. ఆయన చేత అనిపించింది నేను.

నడక మొదలుపెట్టాం. తెల్లవారక ముందు లేచి ఎండ ఎక్కేదాకా, మళ్లీ ఎండ దిగినాక. మొదటి మూడు రోజులు బాగానే ఉన్నది. మందకు ముందు ఆయన, వెనక నేను. మూడో రోజు ఒక టోల్ గేటు వచ్చింది. గేటు పక్క సందులోంచి మందను తోలుతుంటే అక్కడ పని చేసే ఒకాయన నవ్వుతూ, "తాతా, ట్యాగ్ ఉన్నదా?" అని అడిగాడు. మీ తాత ఒక పొట్టేలు చెవి పట్టుకొని చూపించాడు. సర్కారు గొర్రెలు పంచినప్పుడు కుట్టిన బిళ్ల ఉన్నది కదా దానికి. "ఒక్కటి కాదు బిడ్డా, నా బండ్లన్నిటికి ఉన్నయ్. లెక్కపెట్టుకో" అన్నాడు. వాళ్లు పడీ పడీ నవ్వి, రెండు చల్లని నీళ్ల సీసాలు ఇచ్చారు. ఒకటి తాగి, ఒకటి నెత్తిన పోసుకున్నాడు. "సూసినవా, గింత పెద్ద రోడ్డు మీద పైస కట్టకుంట పోయేది మనమొక్కలమే" అని నాతో అన్నాడు. అప్పుడే నిజం చెప్పి, మీ నాయినకు ఫోన్ చేసి ఉంటే అయిపోయేది. చెప్తే ఆయన నవ్వు పోతుందని ఊకున్నాను.

దేవరకొండ దాటినాక దారి తీరు మారింది. మీ తాత చిన్నప్పుడు మంద ఆపిన చోట్లన్నీ ఆయనకు నోటి మీద ఉన్నాయి. "గీడ చింతచెట్లు ఉంటయ్, ఎండ దిగేదాక పందాం" అంటాడు. పోయి చూస్తే చెట్లు లేవు, రోడ్డు పెద్దది చేసినప్పుడు కొట్టేశారు. ముందుకు పోతే బీడు చెలక ఉంటుందంటాడు. చెలకకు రాతి కడీలు పాతి తీగ చుట్టారు, ఇండ్ల జాగాలని బోర్డు పెట్టారు. అట్లా ఒక్కో చోటు చూసుకుంటూ, ఇంకొంచెం పోదాం ఇంకొంచెం పోదాం అని, ఆరో రోజు నడి మధ్యాహ్నం రోడ్డు మీదే ఉన్నాం. తారు మెత్తబడి గొర్రెల గిట్టలకు అంటుకుంటున్నది.

"జర కూసుంట. నువ్వు మందను తోలు, గా ముంగట నీళ్లు కనవడ్తున్నయ్" అన్నాడు. కిలోమీటరు రాయి పక్కన కూర్చున్నాడు. ఆ రాయికి నీడ ఎంత ఉంటుంది? నేను ఆగాల్సింది. మంద చెదిరి లారీల కింద పడుతుందని మందతో పోయాను. నీళ్ల కాడ గొర్రెలను వదిలి, నా చెంబు నింపుకొని వెనక్కి వచ్చేసరికి ఆయన పక్కకు ఒరిగి ఉన్నాడు. ఒళ్లు పొయ్యి మీది రాయిలా కాలుతున్నది, చెమట చుక్క లేదు. పిలిస్తే కళ్లు తెరిచాడు గానీ నన్ను గుర్తుపట్టలేదు. తన తల్లిని పిలిచాడు. ఎవరో కారాయన ఆగి అంబులెన్సుకు ఫోన్ చేశాడు. అది వచ్చేలోపు అయిపోయింది.

మీ నాయినకు ఫోన్ చేశాను. ఏడుపులో నేను ఏం చెప్పానో నాకే తెలియదు. అంతా విన్నాక ఆయన అడిగింది ఒక్కటే.

"అమ్మా, పోచయ్య బండి ఏడున్నది?"

నేను ఫోన్ పెట్టేశాను.

నువ్వు హైదరాబాద్ నుంచి వచ్చి నా మెడ పట్టుకొని ఏడ్చావు. "బండి ఎందుకు రాలే అవ్వా?" అని అడిగావు. "ఏమో బిడ్డా, రాలే" అన్నాను. రావద్దన్నానని చెప్పలేదు. అంతమంది చుట్టాల ముందు ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. నువ్వు లేచి పోయి మీ నాయిన ముందు నిలబడ్డావు. "డీజిల్ పైసలకు జూసుకొని తాతను సంపినవ్ నాయినా" అన్నావు. ఆయన అప్పటికే తలకు పోసుకొని తడి పంచెతో ఉన్నాడు. నా దిక్కు ఒక్కసారి చూశాడు. నేను కొంగు నోట్లో కుక్కుకొని తల దించుకున్నాను. ఆయన నీకు జవాబు చెప్పకుండా పాడె దిక్కు నడిచాడు. నువ్వు దాన్ని ఒప్పుకోవడమే అనుకున్నావు. ఎవరైనా అట్లనే అనుకుంటారు.

మీ తాత పోయిన మూడో రోజు పిట్టకు పెట్టి వచ్చినాక, దొడ్డి వెనక నేను ఒక్కదాన్నే ఉన్నప్పుడు మీ నాయిన వచ్చాడు.

"అమ్మా, పోచయ్య గా వారమంత కర్ణాటకలనే ఉన్నడు. నాకు ఎరుకే."

నేను ఆయన కాళ్ల మీద పడబోయాను. ఆపి, పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"నా కోసం చేసినవ్, గంతే గద. ఎవలకు చెప్పకు. మల్లికకు అస్సలే చెప్పకు. నన్ను తిట్టుకుంటె తిట్టుకోని. అది నీ పక్కల పండి పెరిగిన పిల్ల. నీ మీద మనసిరిగితె గీ ఇంటికి రానే రాదు. నా మీద కోపమైతె నీ కోసమన్న వస్తది."

నేను సరే అన్నాను. ఏడాదిగా సరే అంటూనే ఉన్నాను. ఆయన చెప్పిన మాట చాటున దాక్కున్నాను. నువ్వు దసరాకు వచ్చి నాకు చీర పెట్టి, మీ నాయిన వాకిట్లోకి వస్తే వెనక తలుపు నుంచి పోయావు కదా. ఆ రోజు కూడా చెప్పలేదు. ఆ చీర ఇంకా కట్టుకోలేదు. అప్పటి నుంచి మీ నాయిన గొర్రెల లోడు ఎక్కించుకోవడం మానేశాడు. సీజన్లో దొరికే కిరాయే అది. పోచయ్య, "గొల్లోల్ల ఇంట్ల పుట్టి గొర్రెల లోడు వద్దంటడు, గీయనకు సిమెంటు బస్తాలే చుట్టాలైనయ్" అని ఎగతాళి చేస్తాడు. మీ నాయిన నవ్వి ఊకుంటాడు. ఎందుకో నాకు తెలుసు, ఆయనకు తెలుసు.

డీజిల్ ధర మీదికి తోసేద్దామని నేనూ చూశాను తల్లీ. ధర తక్కువుంటే మీ అమ్మ ఆ మాట అనేది కాదు, నాకు ఫికర్ పట్టేది కాదు, మీ తాత బండిలో కూర్చొని వచ్చేవాడు. అందులో కొంత నిజం ఉన్నది, నువ్వు రాసుకో. కానీ ధర పెరిగిందని మీ నాయిన రానని అనలేదు. మంగళారం వస్తానన్నాడు. ఆయన తరఫున లెక్క వేసింది నేను. మీ తాత తరఫున కూడా నేనే వేశాను. ఇద్దరిలో ఒక్కరినైనా అడిగి ఉంటే వద్దనేవాళ్లు. పన్ను వేసినవాళ్లెవరూ నన్ను అబద్ధం ఆడమనలేదు.

నీ పరిశోధనలో ఈ సంగతి పెట్టాలనుకుంటే పెట్టు. మీ నాయిన పేరు తీసేసి నా పేరు రాయి. ఊరి పేరు కూడా రాయి, నాకు సిగ్గు లేదు ఇక.

ఈ ఉత్తరం రాసిన సంగతి మీ నాయినకు తెలియదు. మీ అమ్మ పనికి పోయినాక మూడు పగళ్లు రాశాను. రేపు లీలమ్మతో ఆటోలో కొల్లాపూర్ పోయి నేనే పోస్టు డబ్బాలో వేస్తాను. ఎవరి చేతికీ ఇవ్వను. ఇస్తే మళ్లీ మనసు మార్చుకొని అడిగి తీసుకుంటానేమోనని భయం.

నాకు జవాబు రాయకపోయినా సరే. నన్ను చూడటానికి రాకపోయినా నేను ఏమీ అనుకోను. అనుకుంటాను, ఏడుస్తాను, కానీ తప్పు పట్టను. మీ నాయినకు మాత్రం ఫోన్ చెయ్యి. బండి నడుపుతున్నా పక్కకు ఆపి ఎత్తుతాడు. ఏడాది తర్వాత ఏం మాట్లాడాలో తోచదు, నాకు తెలుసు. తిన్నవా నాయినా అని అడుగు. తిన్న బిడ్డా అంటాడు, తినకపోయినా అట్లనే అంటాడు. నువ్వు ఫోన్ పెట్టెయ్యకుండా పట్టుకొని ఉండు. కాసేపటికి ఆయనే మాట్లాడతాడు.

ఇట్లు,
ఇంకా నీ అవ్వనేనని అనుకుంటున్న
గోపమ్మ